ఒకే పద్యం, మూడు క్యాసెట్లు

2006లో ఓ ఏడాదిన్నర పాటు కాలిఫోర్నియాలో ఓ క్లయింటు ఆఫీసులో కూలి (సాఫ్ట్‌వేరు కూలి లెండి) చేశాను. నా పక్క సీటాయన డేటాబేసుల మనిషి. అరవై దగ్గర పడుతున్నా వెనక జుట్టు పిలక కట్టుకుని తిరిగేవాడు. ఒకరోజు ఆయన స్క్రీను మీద ఓ ఎక్సెల్ షీటు కనబడింది. ప్రాజెక్టు రిపోర్టేమోనని తొంగి చూస్తే కాదు. ఒక నిలువు వరసలో తేదీలు, పక్కన ఊర్లు, ఆ పక్కన నిమిషాలు, చివర్లో మార్కులు. వంద పైగా ఎంట్రీలున్నాయి. పాట మాత్రం అన్నిటికీ ఒకటే. 'డార్క్ స్టార్' అట.

ఆ పాట గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందానిది. 1965లో మొదలుపెట్టి, 1995లో జెర్రీ గార్సియా చనిపోయేదాకా ముప్ఫై ఏళ్ళలో రెండు వేల పైచిలుకు కచేరీలు చేశారు. వాళ్ళు ఏ పాటనీ రెండుసార్లు ఒకేలా వాయించరు. ఈ 'డార్క్ స్టార్' 1968లో రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. మరుసటి ఏడు వచ్చిన 'లైవ్/డెడ్' ఆల్బంలో అదే పాట 23 నిమిషాలు. అభిమానులు టేపు రికార్డర్లు వేసుకుని కచేరీలకు పోవడం, ఒకళ్ళ టేపు ఇంకొకళ్ళకు కాపీ చేసివ్వడం, ఏ ఊళ్ళో ఏ రాత్రి బాగా కుదిరిందని పోట్లాడుకోవడం... ఇదో పెద్ద లోకం. బృందం వాళ్ళు కూడా కాదనకపోగా 1984 నుంచి రికార్డు చేసుకునే వాళ్ళకని ప్రత్యేకంగా చోటు కేటాయించారు. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీలో చేసిన కచేరీ రికార్డింగునైతే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు దాచుకోదగ్గ రికార్డింగుల జాబితాలో చేర్చారు కూడా.

"ఒకే పాటను వందసార్లు వినడానికి విసుగు రాదా?" అనడిగాను. ఆయన నావైపు జాలిగా చూసి, "ఒకే పాట అని నీకెవరు చెప్పారు?" అన్నాడు. "మీ దేశంలో ఇట్లాంటిది లేదా?" అని ఎదురు ప్రశ్న ఒకటి.

కర్ణాటక సంగీతం, రాగాలాపన అని ఏదో గొప్పగా చెప్పబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది సంగీత సభలు కాదు. మదనపల్లెలో మా ఇంటి అటక మీదున్న రేకు పెట్టె, దాన్నిండా మా నాయన రికార్డు చేసిన నాటకాల క్యాసెట్లు. అందులో ఒకే పద్యం మూడుసార్లు ఉంది. మూడు ఊర్లలో, మూడు వేర్వేరు సంవత్సరాల్లో, అదే మనిషి గొంతులో.

సరే, నాటకాల సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మా వైపు పల్లెల్లో నాటకం వెయ్యడమంటే డబ్బులిచ్చి ఎవరినో పిలిపించడం మాత్రమే కాదు. ఊరివాళ్ళే వేషాలు వేస్తారు. హార్మోనియం మేష్టారుని పెట్టుకుని నెలల తరబడి రాత్రిళ్ళు పద్యాలు నేర్చుకుంటారు. కిరీటాలు, డ్రస్సులు, తెరలు అద్దెకు తెస్తారు. ఆడవేషాలకు మాత్రం బయటినుంచి ఆర్టిస్టులు. 'కురుక్షేత్రం' అన్నా, 'రాయబారం' అన్నా ఎక్కువగా తిరుపతి వేంకట కవుల పద్యాలే. ఆ జంటలో దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు 1920లోనే పోయారు, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు 1950 దాకా ఉన్నారు. అవధానాలు చేసిన పండితులు రాసిన ఆ పద్యాలు అక్షరమ్ముక్క రానివాళ్ళకు కూడా నోటికొచ్చు. ఇంతకన్నా పెద్ద సన్మానం ఏ కవికైనా ఏముంటుంది?

రాయబారం సీనులో కృష్ణుడు కౌరవ సభలో పాడే జెండా పద్యం మీకు తెలిసే ఉంటుంది. అది శార్దూలం. పాదానికి 19 అక్షరాల లెక్కన నాలుగు పాదాలకు 76 అక్షరాలు. మామూలుగా చదివితే అర నిమిషం పట్టదు. స్టేజీ మీద మాత్రం అయిదు నిమిషాలకు తక్కువుండదు. మిగతా నాలుగున్నర నిమిషాలు ఏమిటంటే రాగం. పాదం చివర ఆగి పైకి పోవడం, హార్మోనియం వెంట పడటం, ఇద్దరూ పోటీ పడి ఎక్కడో కలుసుకోవడం, జనం వన్స్ మోర్ అంటే మళ్ళీ మొదట్నుంచీ. రెండోసారి పాడింది మొదటిసారి లాగా ఉండదు, ఉంటే జనం ఒప్పుకోరు. పిలకాయన 'డార్క్ స్టార్' సరిగ్గా ఇదే కదా!

ఇదంతా నటన కాదు, కచేరీ అని తిట్టేవాళ్ళు అప్పట్నుంచీ ఉన్నారు. మన సీమకే పేరు తెచ్చిన బళ్ళారి రాఘవ గారే పద్యాల సాగదీతను ఇష్టపడలేదు. ఆయన మాటలో న్యాయం లేదని కాదు. కౌరవ సభలో సంధి మాట్లాడ్డానికి వచ్చినాయన ఒక్కో పాదానికి నిమిషం సేపు రాగం తీస్తే దుర్యోధనుడు మాత్రం ఎంతసేపని మీసం దువ్వుతూ నిలబడతాడు? అయినా జనం వచ్చేది దానికోసమే. కథ అందరికీ తెలుసు. యుద్ధం ఎట్లాగూ తప్పదు. ఈ రాత్రి ఈయప్ప ఎట్లా పాడతాడో అన్నదొక్కటే ఎవరికీ తెలియదు.

పెద్దవాళ్ళ రికార్డింగులు నేను వినలేదని కాదు. పాత గ్రామఫోను ప్లేట్లలో ఒక వైపుకు పట్టేది దాదాపు మూడు నిమిషాలే కాబట్టి రాగం కత్తిరించినట్టుంటుంది. ఈలపాట రఘురామయ్య గారు పాడితే గొంతే ఓ వాయిద్యం. పీసపాటి నరసింహమూర్తి గారిది ఇంకో దారి, రాగం కన్నా మాటకు పెద్దపీట. 1967లో వచ్చిన 'శ్రీకృష్ణావతారం' సినిమాలో ఘంటసాల గారు పాడిన రాయబారం పద్యాలైతే ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ పోదు. అయితే ఇవన్నీ నాకు గుళ్ళో విగ్రహాల్లాంటివి. దండం పెట్టుకుంటాను. ఇంట్లో మనుషుల్లాగా పోట్లాడలేను.

పోట్లాడుకోవడానికి నాకున్నవి ఆ మూడు క్యాసెట్లే.

వాటిలో కృష్ణుడు మా చిన్నాయన. పగలు బడిలో లెక్కల అయ్యవారు, రాత్రి నీలం రంగు పూసుకుని శ్రీకృష్ణ పరమాత్మ. మా నాయనకు పాట రాదు. ఆయన పని ప్యానసోనిక్ టేపు రికార్డరు మోసుకుని పోయి హార్మోనియం మేష్టారు పక్కన కూర్చోవడం. మేష్టారు పేరు ఇక్కడ రాయను, ఆయన పిల్లలు ఇప్పటికీ మా వీధి చివరే ఉన్నారు.

మేష్టారి హార్మోనియం గురించి మాత్రం ఒక మాట చెప్పి తీరాలి. కాలితో తొక్కే పెద్ద హార్మోనియం అది. దానికో జబ్బుండేది. ఒకటో శ్రుతి మెట్టు నొక్కితే రీడు వదులై 'జర్ర్' మనేది. బెంగుళూరు తీసుకుపోయి రెండుసార్లు బాగు చేయించినా మళ్ళీ మొదటికే వచ్చింది. మేష్టారికి అదంటే సిగ్గు. ఇంట్లో మూగపిల్ల ఉన్నట్టు బాధపడేవాడు. వాయించేటప్పుడు ఆ మెట్టు దగ్గరకు రాగానే వేలు తాకీ తాకనట్టు జారిపోయేది. మా చిన్నాయనకు మోహన రాగం అయిదు శ్రుతిలో పెట్టడానికి అదీ ఒక కారణమని మా నాయన నవ్వుతూ చెప్పేవాడు. అయిదులో మోహన వాయిస్తే ఆ మెట్టు శుద్ధ మధ్యమం అవుతుంది. మోహనలో మధ్యమమే లేదు. ఇంక దాన్ని ముట్టే పనే పడదు!

ఇప్పుడు క్యాసెట్ల సంగతి.

మొదటిది మదనపల్లె, 1984. చిన్నాయనకు నలభై ఏళ్ళు. పట్నం ప్రేక్షకులు, మంచి మైకుసెట్టు, రికార్డరుకు కరెంటు ప్లగ్గు కూడా దొరికింది. పద్యం 5 నిమిషాల 40 సెకన్లు. గొంతు గురించి చెప్పాలంటే, కత్తి. తార స్థాయిలో గాంధారం మీద నిలబడితే ఎక్కడా వణుకు లేదు. చాన్నాళ్ళు నా షీటులో (అవును, నేను కూడా ఓ షీటు మొదలెట్టాను :-)) దీనికే పదికి పది. కానీ వినగా వినగా ఒకటి తెలిసింది. చిన్నాయన అందులో ఎక్కడా జారే అవకాశం పెట్టుకోలేదు. పరీక్షలో ముందే తెలిసిన లెక్క చేసినట్టు పాడాడు. జనం కూడా చప్పట్లు కొట్టాల్సిన చోట కొట్టి ఊరుకున్నారు. అసలు పాటను బిగించడం మా ఊరికి అలవాటేనేమో. 1919లో రవీంద్రనాథ్ టాగూరు ఇక్కడి థియోసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిందీ, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసిందీ మదనపల్లెలోనే అంటారు. ఇప్పుడా పాటకు 52 సెకన్లని లెక్క, అక్కడ ఎవరూ రాగం తియ్యకూడదు. తియ్యకపోవడమే న్యాయం. ప్రతి పాటకూ అదే న్యాయం పెడితే మాత్రం ఎట్లా?

రెండోది పుంగనూరు, 1988. పుంగనూరులో కూడా కాదు, పక్కన ఓ పల్లె. ఎండాకాలం, ఊళ్ళో భారతం జరుగుతోంది. మా జిల్లాలో భారతమంటే పద్దెనిమిది రోజుల పండగ. పగలు హరికథ, రాత్రి నాటకం, చివర్లో మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ, దుర్యోధన వధ, అగ్నిగుండం. స్టేజీ పుంగనూరు ఆవు మాదిరి పొట్టిది. మూడో పాదం మధ్యలో, చిన్నాయన రాగం పైకి తీస్తుండగా కరెంటు పోయింది. క్యాసెట్టులో స్పష్టంగా వినబడుతుంది. మైకుసెట్టు 'గుయ్' శబ్దం టక్కున ఆగి, ఓ అర సెకను నిశ్శబ్దం. తర్వాత అదే రాగం, అదే చోటునుంచి, మైకు లేకుండా, దూరంగా, చిన్నగా. జనంలో ఎవరో పిల్లల్ని 'ఉష్' అన్నారు. ఆ తర్వాత వెయ్యిమంది ఊపిరి బిగబట్టినట్టు. బ్యాటరీల మీద నడుస్తున్న రికార్డరు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంది. పెట్రోమాక్సు లైటు వచ్చేసరికి పద్యం అయిపోయింది. అప్పుడు పడిన ఈలలు నేనింకే రికార్డింగులోనూ వినలేదు. గొంతు మదనపల్లె అంత బాగాలేదు, చివర కాస్త బొంగురు కూడా. అయినా నా ఓటు చాలాకాలం దీనికే.

మూడోది కుప్పం, 1993. ఇదే మా ఇంట్లో అందరి ఫేవరెట్టు. తమిళనాడు, కర్ణాటక, మనమూ కలిసే చోటది. జనంలోంచి మూడు భాషల్లో కేకలు వినబడతాయి. వన్స్ మోర్ మాత్రం మూడు భాషల్లోనూ వన్స్ మోరే. మధ్యలో బెంగుళూరు లైను రైలు కూత కూడా పడింది. పద్యం ఎనిమిది నిమిషాలు, మళ్ళీ వన్స్ మోరు. అప్పటికి చిన్నాయనకు 49 ఏళ్ళు. "యాభై దగ్గర పడినా అయిదు శ్రుతిలో పాడినాడు, మదనపల్లెలో పాడినట్టే" అని మా ఇంట్లో ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి తద్దినంలోనూ చెప్పుకునే మాట. ఆ నాటకం తర్వాత ఆయన మళ్ళీ కిరీటం పెట్టలేదు. "ఉచ్చస్థితిలో ఉన్నప్పుడే మానుకున్నాడు, గవాస్కర్ మాదిరి" అని మా నాయన అనేవాడు. విచిత్రమేమిటంటే చిన్నాయన మాత్రం ఆ క్యాసెట్టు ఎప్పుడూ వినేవాడు కాదు. మేము పెడితే లేచి బయటికి పోయేవాడు. వినయమనుకున్నాం.

2020లో లాక్‌డౌన్ పుణ్యమా అని మదనపల్లె ఇంట్లోంచే పని. సాయంత్రాలు క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలెట్టాను. పాత టేపులతో వచ్చే చిక్కు వేగం. రికార్డు చేసేటప్పుడు బ్యాటరీలు నీరసంగా ఉంటే టేపు నెమ్మదిగా తిరుగుతుంది. దాన్ని మామూలు వేగంతో వింటే పాట తొందరగా, శ్రుతి ఎక్కువగా వినిపిస్తుంది. మా నాయన బ్యాటరీలను ఎండలో పెట్టి మళ్ళీ వాడే రకం. కుప్పం క్యాసెట్టులో గొంతులు కాస్త సన్నగా ఉన్నాయని నాకెప్పట్నుంచో అనుమానం.

అసలు వేగం కనుక్కోడానికి ఒక ఉపాయముంది. మైకుసెట్టు 'గుయ్' మంటుంది చూశారా, అది కరెంటు శబ్దం. మన కరెంటు సెకనుకు 50 సార్లు కొట్టుకుంటుంది. ఆంప్లిఫయరులోంచి వచ్చేసరికి అది 100, దాని గుణిజాలు 200, 300 అవుతాయి. 300 దగ్గర ఉండాల్సిన గీత టేపులో ఎక్కడుందో చూస్తే టేపు ఎంత తప్పిందో తెలిసిపోతుంది. కుప్పం టేపులో అది 324 దగ్గర ఉంది. అంటే ఎనిమిది శాతం ఎక్కువ. హార్మోనియంలో ఒక మెట్టునుంచి పక్క మెట్టుకు తేడా ఆరు శాతం. ఎనిమిది శాతం దించితే పాట అయిదుకూ కాకుండా, నాలుగున్నరకూ కాకుండా, నాలుగుకూ కాకుండా మధ్యలో ఎక్కడో పడుతోంది. హార్మోనియంలో అట్లాంటి మెట్టు లేదు! ఇంకా తమాషా, కరెంటు ప్లగ్గులో పెట్టి రికార్డు చేసిన మదనపల్లె టేపులో కూడా ఆ గీత 300 దగ్గర లేదు. 291.

రెండు రోజులు నా కోడ్‌లో తప్పు వెతుక్కున్నాను. చివరికి కరెంటాఫీసులో పనిచేసే నా క్లాస్‌మేటుకు ఫోను చేస్తే పగలబడి నవ్వాడు. "ఒరే, ఆ రోజుల్లో మనకు 50 ఎక్కడేడ్చిందిరా! 2003లో కరెంటు లెక్కల పద్ధతి మార్చేదాకా మన దక్షిణాది గ్రిడ్డు 48 దగ్గర ఈడుస్తుండేది. రాత్రయితే పంపుసెట్లు కూడాను" అన్నాడు. 50 బదులు 48 వేసి చూశాను. 300 బదులు 288. దాన్ని 324తో పోలిస్తే పన్నెండున్నర శాతం. దాదాపు సరిగ్గా రెండు మెట్లు. అంటే ఒక శ్రుతి.

కుప్పంలో చిన్నాయన పాడింది అయిదులో కాదు, నాలుగులో.

ఎనిమిది నిమిషాల పద్యం నిజానికి తొమ్మిది నిమిషాలు. వేగం సరిచేసి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ విన్నాను. గొంతులు మనుషుల గొంతుల్లా అయ్యాయి. చిన్నాయన గొంతులో అలసట కూడా వినబడింది. ఇన్నేళ్ళూ నీరసపు బ్యాటరీలు దాన్ని దాచిపెట్టాయి. నా లెక్క మీద నాకింకా పూర్తి నమ్మకం కుదరలేదు, 48 అన్నది కూడా ఉజ్జాయింపే కదా. అప్పుడు వినబడింది, ప్రతి పాదంలోనూ, ఆగిన ప్రతిచోటా. 'జర్ర్.' మేష్టారి జబ్బు మెట్టు! నాలుగు శ్రుతిలో మోహన వాయిస్తే ఆ ఒకటో మెట్టు పంచమం అవుతుంది. మోహనలో పంచమం లేకుండా అడుగు తీసి అడుగు వెయ్యలేం. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఇన్నాళ్ళూ ఆ శబ్దం టేపు దోషమనుకున్నాను.

గెలిచినట్టు అనిపించింది, అబద్ధమెందుకు. మర్నాడు చిన్నాయన ఇంటికి పోయాను. అప్పటికాయనకు 76. అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. మాస్కులూ దూరాలూ అయ్యాక అడిగేశాను.

"చిన్నాయనా, కుప్పంలో నువ్వు పాడింది నాలుగులో కదా?"

టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎవరు చెప్పిరి నీకు?"

"ఎవరూ చెప్పలా. క్యాసెట్టే చెప్పింది."

చాలాసేపు మాట్లాడలేదు. అనవసరంగా కదిపానేమో అనిపించింది. తర్వాత ఆయనే మొదలెట్టాడు.

"వారం నుంచీ గొంతు పట్టుకోనుండింది. అయినా అయిదే అని మేష్టారుకు ముందే చెప్పినా. సీన్లోకి పోయి చూస్తే ఆయప్ప నాలుగు పట్టుకోని కూర్చోనుండాడు. అంతమంది ముందర నేనేం చేసేది? దిగి పాడినా. జనం వన్స్ మోర్ అంటా ఉండారు, నాకేమో చెంప మింద కొట్టినట్లుండాది. నీకు చేతగాదురా అని సభలో చెప్పినట్లు గాదా అది?"

తెల్లవారి మొదటి బస్సుకే ఒక్కడే ఇంటికొచ్చేశాడట. మేష్టారు రెండుసార్లు ఇంటికొస్తే లేనని చెప్పించాడట. వేషం మానింది అందుకు. మేష్టారు 2001లో పోయారు. చిన్నాయన పోయి, దూరంగా నిలబడి వచ్చాడు. మేమందరం గవాస్కర్ అనుకుంటున్నది ఇదన్నమాట.

ల్యాప్‌టాప్ తెచ్చాను, వింటావా అన్నాను. "నాకొద్దురా" అన్నాడు. "నీ పాట వినొద్దులే. హార్మోనియం విను" అన్నాను.

మొదటి పాదం చివర దాకా మొహం పక్కకు తిప్పుకునే ఉన్నాడు. 'జర్ర్' మని వినబడగానే చెయ్యి లేపాడు. "ఆపు. మళ్ళా పెట్టు." మళ్ళీ పెట్టాను. లెక్కల అయ్యవారు కదా, నేను చెప్పాల్సిన పని లేకపోయింది. వేళ్ళ మీద సరిగపదలు లెక్కపెట్టుకున్నాడు.

"అది ఒకటో మెట్టు. ఆయప్ప దాన్ని ముట్టేవాడు గాదే!"

"నాలుగులో వాయిస్తే ముట్టక తప్పదు కదా."

"స్టేజీ మింద నాకు వినపడలా. కోపంలో వింటేగదా... " అని ఆగి, "పద్యం మొత్తం దాని మిందనే కూర్చోనుండాడు రా" అన్నాడు.

తొమ్మిది నిమిషాలూ విన్నాడు. వన్స్ మోరు కూడా విన్నాడు. ఆ తర్వాత చల్లారిపోయిన టీ తాగి, టమాటా రేటు ఎంత పలికిందో కనుక్కున్నావా అనడిగాడు. నేనింక ఏమీ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక నా షీటు తీసి చూసుకున్నాను. గొంతుకు మార్కులున్నాయి, నిడివికి ఉన్నాయి, జనానికి ఉన్నాయి, రికార్డింగు నాణ్యతకు కూడా ఉన్నాయి. హార్మోనియానికి గడే లేదు. ఇన్నేళ్ళు ఒకే పద్యాన్ని మూడు రకాలుగా పోల్చి పోల్చి, ఎప్పుడూ ఒక్క మనిషినే వింటూ వచ్చాను. ఒకడి గొంతు చెడిపోయిందని పదిమందికీ తెలియకుండా ఉండటానికి, ఇంకొకడు జీవితమంతా దాచుకున్న తన వాయిద్యం దోషాన్ని మైకులో పెట్టి తొమ్మిది నిమిషాలు వాయించాడు. ముందే చెప్పి ఒప్పించి ఉండొచ్చు కదా అంటారా? అయిదు తప్ప వద్దనే మనిషి ఒప్పుకుంటాడా? చెప్పకపోవడం తప్పే, నేను కాదనను. ఆ తప్పుకు ఆయన ఎనిమిదేళ్ళు మూల్యం చెల్లించాడు కూడా.

అందుకని నా మటుకు నాకు ఇప్పుడు వరస ఇది. గొంతుకు మదనపల్లె. ఆ రాత్రికి పుంగనూరు. పాటకు కుప్పం. స్టూడియోలో అయితే కుప్పం టేకుని పారేసి, గొంతు బాగయ్యాక రమ్మనేవాళ్ళు. లైవ్ రికార్డింగుల గొప్పదనం తప్పులుండటం కాదు. తప్పు జరుగుతుందని తెలిసిన రెండో మనిషి అప్పటికప్పుడు ఏం చేశాడో అందులో నిలిచిపోవడం. పిలకాయనకు ఈ సంగతి మెయిలు రాస్తే ఒకే ఒక్క వాక్యం జవాబొచ్చింది, తన షీటులో కూడా ఆ గడి లేదని.

మీ ఇంట్లో కూడా అటక మీద ఇట్లాంటి క్యాసెట్లుంటే దయచేసి పారెయ్యకండి. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఆ గుయ్ శబ్దాన్నీ, దగ్గుల్నీ, జర్రుల్నీ శుభ్రం చేసేయకండి. ఒక కాపీ అట్లాగే ఉంచండి. వేగం సరిచూసేటప్పుడు 50 కి బదులు 48 కూడా వేసి చూడండి.

మా ఇంట్లో పెళ్ళిళ్ళలో కుప్పం కథ ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు, అయిదు శ్రుతి అనే. నేను మాత్రం కలగజేసుకోను. మొన్న మా చెల్లెలి కూతురి పెళ్ళిలో ఎవరో మొదలెట్టగానే, ఎనభై దాటిన చిన్నాయన భోజనాల దగ్గర్నుంచే కేకేశాడు. "అయిదు గాదప్పా, నాలుగు! మేష్టారు దించినాడు."